మోగేది ఇటు, మోగనిది అటు

ఫెలోషిప్పు ఉత్తరంలో
నా అంశం మూడు లైన్లుంది.
అమ్మకు చదివి వినిపిస్తే
"ఇంతకీ ఏం చేస్తావు?" అంది.
పలకల గురించి రాస్తానన్నాను.
"పలక మీద రాస్తారు గానీ
పలక గురించి ఏం రాస్తారే!"
ఆ ప్రశ్నకు ఏడాదిన్నర గడువు,
రెండుసార్లు పొడిగింపు.

ఒంగోలులో సెమినారు.
మార్కాపురంలో ఎక్కిన బస్సు
చీమకుర్తి ధూళంతా మోసుకొచ్చి
నన్నూ దస్తగిరమ్మనూ దింపింది.
ఆమె చంకలో గోనెసంచి,
సంచిలో రెండు పలకలు,
చట్రం లేనివి,
అంచులు ఇంకా చెయ్యి కోసేవి.

హాల్లో ఏసీ పనిచేయలేదు.
భూగర్భశాస్త్రం సారు
ఈ రాయి ఒకప్పుడు బురదన్నాడు,
అణిగి అణిగి పొరలైందన్నాడు.
చరిత్ర సారు ఎగుమతి లెక్కలు తీశాడు.
భాషాశాస్త్రం కోటిరత్నం మేడమ్
గనిలో మాటలు పన్నెండు బోర్డు మీద రాసి
పదమూడోది సగంలో తుడిచేసింది,
అది బూతని ఎవరో చెవిలో చెప్పారు.
అందరూ "ఇంటర్‌డిసిప్లినరీ" అన్నారు.
భోజనాల్లో మాత్రం
ఏ శాఖవాళ్ళు ఆ శాఖ బల్ల దగ్గరే.

మూడింటికి దస్తగిరమ్మ వంతు.
మైకు వద్దంది.
పలకను రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి
వేలి కణుపుతో కొట్టింది.
ఖంగుమంది.
రెండోది కొట్టింది.
పగుళ్ళ కుండలా బొంగురుగా పలికింది.
"ఇది లోపల చిట్లింది. కంటికి ఆనదు.
ముప్ఫై ఏళ్ళు ఇదే నా పని,
మోగేది ఇటు, మోగనిది అటు.
మా ఆయన రొమ్ము మీద కూడా
డాక్టరు ఇట్టాగే వేలితో కొట్టి చూశాడు.
ఆయన నోరు తెరవకముందే
నాకు తెలిసిపోయింది నాయనా."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.
ప్రశ్నలున్నాయా అని అడిగారు అధ్యక్షులవారు.
ఎవరో శాంపిల్ సైజు గురించి మొదలుపెట్టి
వాక్యం మధ్యలో కూర్చుండిపోయారు.

బస్సు ఖర్చుల ఫారంలో
"విషయ నైపుణ్యం" దగ్గర ఖాళీ.
ఏం రాయమంటావక్కా అంటే
"టీ ఎక్కడిస్తారు?" అంది.

మంచి పలక మనవరాలికని దాచుకుని
చిట్లినది నా చేతిలో పెట్టి వెళ్ళింది.
రాత్రి హాస్టల్లో
మూడో అధ్యాయం పైకి చదివాను.
ఎక్కడో మధ్యలో బొంగురుపోయింది.
ఏ పేజీలోనో ఇంకా దొరకలేదు.

గడువు మార్చి దాకా ఉంది.