చిన్నాన్న చెయ్యి పెట్టి చూశాడు

సరిగ్గా పదకొండో నిమిషం.
చివరి వలయం కుంచించుకుపోతూ ఉంటుంది,
గోడ చాటున ఇద్దరు, గడ్డిలో నేను,
వేలు మీట మీద ఉంటుంది,
టప్.
తెర మీద నా ముఖం.
నల్లగా, నోరు తెరుచుకుని.

మూడు వారాలుగా ఇదే.
కరెంటు పోలేదు. ఎదురింటి టీవీలో సీరియల్ ఏడుస్తూనే ఉంది.
పోయింది నేనొక్కణ్ణే.

కోటవీధిలో మే నెల.
రేవు గాలి తడి గోనెసంచిలా ఒంటికి అంటుకుంటుంది.
మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కా
సాయంత్రానికి బొగ్గు రంగు తేలుతుంది.
కిటికీ మూసినా అంతే, తెరిచినా అంతే.

ముందు ఆటని అనుమానించాను. తీసేసి మళ్ళీ వేశాను.
తర్వాత కరెంటు డబ్బాని. తాతాజీ దగ్గర అరువు తెచ్చి మార్చాను.
డాబాగార్డెన్స్‌లో షాపు కుర్రాడు
"బోర్డు పోయినట్టుంది, పన్నెండు వేలు" అన్నాడు
మూత కూడా విప్పకుండా.
ఆ రాత్రే నేర్చుకున్నాను, తెర మూల నంబరు చూడటం:
ఎనభై ఎనిమిది, తొంభై మూడు, తొంభై ఎనిమిది.
నూరు దగ్గర
దానంతటదే కళ్ళు మూసుకుంటోంది.
చావడం కాదు,
చావకుండా ఉండటానికి.

వేట నిషేధం రోజుల్లో చిన్నాన్న కొర్లయ్య
ఖాళీగా ఉండలేక మా ఇంటికొస్తాడు.
ఇరవై ఏళ్ళు బోటు ఇంజను పక్కన నిద్రపోయినవాడు.
మౌసు ఎటు తిప్పాలో తెలీదు.
టప్‌మన్నప్పుడు మంచం మీంచి లేచొచ్చి
పెట్టె నడ్డి మీద చెయ్యి పెట్టాడు,
చేప తాజాదో కాదో చూసినట్టు.
"నీళ్ళెక్కడ తాగుతాది ఇది?"
నీళ్ళు తాగదు చిన్నాన్నా, గాలి తాగుతుంది.
"అయితే గాలెక్కడ తాగుతాది?"

మూత విప్పాం.
లోపల వన్ టౌన్ మొత్తం ఉంది.
రేవు బొగ్గుపొడి, అగరొత్తి నుసి, అమ్మ తలవెంట్రుక,
దారి తప్పిన చీమలు ఆరేడు,
ఫ్యాను రెక్కల మీద ఉప్పు కలిసి ముద్దయిన నలుపు.
చిన్నాన్న పాత పళ్ళ బ్రష్షు తెమ్మన్నాడు.
ఫ్యాను తిరక్కుండా వేలు అడ్డం పెట్టి
రెక్కకి రెక్క తోమాడు.
నేను సైకిలు పంపుతో గాలి కొట్టాను.
ఇద్దరం తుమ్మాం. మూత బిగించాం.
పద్నాలుగో నిమిషం.
టప్.

మూడు నిమిషాలు గెలిచాం, అన్నాను.
"మూడు నిమిసాల్లో ఒడ్డుకి రాలేంరా."

మళ్ళీ విప్పాం. ఈసారి ఫ్యాను కింది లోహపు దిమ్మ కూడా పీకాం.
దాని అడుగున
పలచటి ప్లాస్టిక్ పొర.
బిగించే ముందు దీన్ని తీసెయ్యండి అని
ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు,
ఏడాదిన్నరగా ఎవరూ చదవని చీకట్లో.
చలికాలం, చిన్న చిన్న ఆటలు
ఆ పొర వెనక నుంచే ఎలాగో గడిపేసింది పాపం.
బిగించింది నేనే.
వీడియో చూసి, గొప్పగా,
ఫొటో కూడా దిగి.

చిన్నాన్న నవ్వలేదు. అదే బాధ.
పొరని గోటితో లేపి, లైటుకి అడ్డం పట్టి,
"మా బోటు కొన్న కొత్తలో
నీళ్ళ పైపు నోట్లో గుడ్డ ఉండిపోనాది.
భీమిలి దాటాక తెలిసినాది" అన్నాడు.
ఎవరు మర్చిపోయారో మాత్రం చెప్పలేదు.

కొత్త పేస్టు, శనగగింజంత.
మరలు ఈ మూల కొంచెం, ఎదురు మూల కొంచెం,
తొందర లేకుండా.
పదకొండో నిమిషం వచ్చింది. వెళ్ళింది.
అరవై తొమ్మిది, డెబ్భై రెండు. అక్కడే ఆగింది.
చిన్నాన్న ఆట చూడట్లేదు,
నంబరు చూస్తున్నాడు, గేజు ముందు కూర్చున్నట్టు.

చివరి వలయం. గోడ చాటున ఇద్దరు. గడ్డిలో నేను.
వేలు మీట మీద.
వాళ్ళు ముందు కాల్చారు.

గెలిచే ఆటలన్నీ పెట్టె లాగేసుకుంటోందని
మూడు వారాలు వీధంతా చెప్పాను.
ఇప్పుడది చల్లగా, హాయిగా తిరుగుతోంది.
నా చెవులే కాలుతున్నాయి.

"ఏటయినాది?"
ఓడిపోయాను.
"ఇంజను బానే ఉంది కదా?"
ఆఁ. ఇంజను బానే ఉంది.