పన్ను లేని చోటు

రాత్రి ఒంటిగంట. ఫహాహీల్ పెట్రోల్ బంకులో
మూడో పంపు నాది.
ఆగిన టాక్సీలో రేడియో ఏదో చెబుతా ఉంది.
వెనక సీటులో డ్యూటీ దిగిన మలయాళీ నర్సు
నాకర్థమయ్యే హిందీలో చెప్పింది:
ఏదో దేశంలో టిప్పుల మీద, ఓటీ మీద
పన్ను తీసేస్తారంట.
"మీకా బాధే లేదు కదా భయ్యా" అని
వంద ఫిల్సుల బిళ్ళ అరచేతిలో పెట్టి పోయింది.

నిజమే, ఇక్కడ పన్ను లేదు.
రాయచోటి ఏజెంటు కూడా ఆ మాటే చెప్పి
లక్షా ఇరవై వేలు లెక్కపెట్టుకున్నాడు.
పన్ను లేని నోరు కొరకదనుకున్నా.
చిగుళ్ళతోనే నమిలేవాళ్ళుంటారని
అప్పుడు తెలీదు.

జీతం చీటీలో కోతకు ఎన్ని పేర్లో.
యూనిఫాం ఉతుకు అంటారు, ఉతికేది మేమే.
మీటరుకూ గల్లాకూ తేడా వస్తే మా జేబు.
ఒక నెల "ఇతరములు" అని రెండు దినార్లు పోయాయి.
ఆ ఇతరములు ఎవరు సార్ అని ముదీర్‌ని అడిగితే
వేలు పైకి చూపించాడు.
పైన ఫ్యాను తిరుగుతా ఉంది.

జీతం ఇంటిది.
ఓటీ వడ్డీది. దాని మొహం నేను సరిగ్గా చూసిందే లేదు,
నా చేతికి రాకముందే గంగిరెడ్డి పద్దులో కూర్చుంటుంది.
ఫోన్ చేస్తే నా భార్య తిన్నావా అనడం మానేసింది,
"ఈ నెల ఓటీ ఉందా?" అంటుంది.
తప్పేముంది,
రెండిటికీ జవాబు ఒకటే.

టిప్పు మాత్రం నాది.
పద్దు లేదు, రసీదు లేదు, దాని పుట్టుక ఎవరికీ తెలీదు.
హార్లిక్స్ సీసాలో బిళ్ళ పడిన చప్పుడుకు
పై మంచం మీద దస్తగిరి
నిద్రలోనే ఒత్తిగిల్లి "ఎంతన్నా?" అంటాడు.

దస్తగిరికి రాత రాదు.
వాడి గంటలు నా నోటుపుస్తకంలోనే రాస్తా,
నా పేజీకి ఎదురు పేజీలో.
జూలైలో వాడి ఓటీ అరవై ఒక్క గంటలు.
చీటీలో ముప్పై ఎనిమిది.
మిగిలిన ఇరవై మూడు గంటలూ
పొద్దు గుంకినా దిగని ఆ వేడిలో
గొట్టం పట్టుకుని వాడు నిలబడి ఉన్నాడు,
నేను చూశా.

ఆగస్టులో వాడి దవడ వాచింది.
లవంగం పెట్టాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు,
ఆ దవడతోనే నాలుగు రాత్రులు ఓటీ చేశాడు.
ఐదో రోజు చాప మీద సీసా బోర్లించాం:
వందలు, యాభైలు,
ఎవరో ముసలాయన పండక్కిచ్చిన నలిగిన అర దినారు.
నాదెంతో, వాడిదెంతో విడదీయలేదు.
క్లినిక్కులో పీకిన పన్ను
దూదిలో చుట్టి చేతికిచ్చారు.

తిరిగొచ్చే బస్సులో
వాచిన నోటితోనే అన్నాడు:
"ఇంగ నాక్కూడా పన్ను లేదు లేన్నా."
ఇద్దరం నవ్వాం.
వాడి నోట్లో దూది ఎర్రబడింది.

ఈరోజు షూన్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం,
మా ముందు నలభై మంది.
నోటుపుస్తకానికి ప్లాస్టిక్ కవరు తొడిగాను,
ఇరవై మూడు కింద రెండు గీతలు గీశాను.
వస్తాయో రావో.
వాడు జేబులోంచి ఆ దూదిపొట్లం తీశాడు.
"ఇదెందుకు తెచ్చినావురా?"
"రసీదు అడిగితే
చూపిద్దామన్నా."