ఒకే ఎత్తులో రెండు

గీత పెన్సిలుతోనే గియ్యాలి.
పెన్నుతో గీస్తే సిరా కూడా
మందుతోపాటు పైకి ఎగబాకుతుందని
చేరిన మొదటిరోజే భానోజీ గారు చెప్పారు.

విజయనగరం, కంటోన్మెంటు.
టైర్ల కొట్టు పైన మా రెండు గదుల ల్యాబు.
కింద పంక్చర్లవాడి సుత్తి దెబ్బకి
గాజు తొట్టిలో ద్రావకం వణుకుతుంది.
మూత మీద చెయ్యేసి పట్టుకుంటాను,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు పట్టుకున్నట్టు.

సిలికా పూత పూసిన అరచెయ్యంత పలక.
అడుగున చుక్క పెట్టింది
లెంక సన్నెమ్మ కొంగున కట్టి తెచ్చిన మోకాళ్ళ పొడి.
సంతలో పొట్లం నలభై.

ఇరవై ఆరేళ్ళు నెల్లిమర్ల జూట్ మిల్లులో
కండెల దగ్గర నిలబడిన మోకాళ్ళు.
"ఈ పొడి నాకినకాడ్నుంచి
సంపావతి గట్టు దిగి ఎక్కీసినానమ్మీ.
మరి మొకమేటి ఇలగ పొంగిపోనాది?"
నిజమే, ముఖం నిండు పున్నమి.
చేతుల మీద చర్మం మాత్రం ఉల్లిపొర.

ద్రావకానికి తొందరలేదు.
సిలికా మీద మమకారమున్నది కిందే ఆగుతుంది,
లేనిది పైకి పోతుంది.
పసుపు ఎప్పుడో దాటిపోయింది.
నడుమ ఒక మచ్చ,
దీపం కింద ఆకుపచ్చ వెలుతురులో
అగ్గిపుల్ల తలంత నలుపు.

ఈ మచ్చని నేనెరుగుదును.

పోయిన వానాకాలం ఇదే పొడి, వేరే పొట్లం.
ఇదే ఎత్తు.
పక్కన పెట్టిన గుగ్గులు నమూనా కూడా
అంతే ఎక్కింది.
ఎత్తు కుదిరింది కదా అని
'మూలికలే' అని రాసి సంతకం చేశాను.
ఒకే పొడుగున్న ఇద్దరు
ఒకరి వెనక ఒకరు నిలబడితే
ఒక్కడిలాగే కనిపిస్తారని
అప్పుడెవరూ నాకు చెప్పలేదు.
చెప్పారేమో.

ఈ నెల విశాఖ నుంచి పదిహేను రోజుల అద్దెకి
రామన్ యంత్రం వచ్చింది,
టిఫిన్ క్యారియరంత పెట్టె.
మచ్చ మీద ఎర్రటి కాంతిసూది గుచ్చితే
తెర మీద ఉత్త కొండ లేచింది.
ఆకూ పసరూ కలిసిన మెరుపు,
డప్పుల మోతలో ఎవరో గొణుగుతున్నట్టు.

భానోజీ గారు మాట్లాడకుండా చిన్న సీసా తెచ్చారు.
వెండిని కంటికానని రేణువులుగా విరిచిన
బూడిదరంగు నీళ్ళు.
ఒక్క బొట్టు.
ఆరేదాకా కూర్చున్నాం.
కింద సుత్తి కూడా ఆగింది, టీ వేళ.

పోయిన కాంతి దాదాపుగా పోయినట్టే తిరిగొస్తుంది.
కోట్లలో ఏ ఒక్కటో
అణువు ఊపు తగిలి
కొంత పోగొట్టుకుని, రంగు మారి వస్తుంది.
ఆ పోగొట్టుకున్నదే సాక్ష్యం.

కొండ కుంగింది. ముళ్ళు లేచాయి.
పదహారు వందల అరవై దగ్గర ఒక పొడుగాటిది.
పట్టిక తెరిచి, వేలు పెట్టి
ఒక్కొక్క ముల్లూ సరిచూశాను,
ఏదో ఒకటి తప్పితే బావుణ్ణని.
డెక్సామెథసోన్.
గుగ్గులు వెనక, అంతే ఎత్తున.

"అయితే నొప్పి తగ్గడం అబద్దమేటమ్మీ?"
తగ్గడం నిజమే సన్నెమ్మా.
పొట్లం మీద పేరు అబద్ధం.
ఒక్కసారిగా మానెయ్యకు,
ఈ కాయితం పెద్దాసుపత్రిలో చూపించు,
మెల్లగా దింపుతారు.
ఆమె కాయితాన్ని కొంగున ముడేసుకుంది,
పొడి ముడేసిన చోటే.
"అమ్మినోడూ తింతన్నాడు పాపం.
బస్తాలు మొయ్యాల గదా."

అందరూ పోయాక పాత రిజిస్టరు తీశాను.
మజ్జి పోలినాయుడు, గరివిడి.
ఫోను నంబరు గడి ఖాళీ.
రాసింది కొట్టెయ్యకూడదు, చెరపకూడదు,
పక్కనే తేదీ వేసి, తప్పని రాయాలి.
పెన్నుతో.
సిరా ఎంత ఎత్తు ఎక్కితే అంత ఎక్కనీ.

గరివిడి వైపు పొద్దుటి ప్యాసింజరు
ఎన్నింటికో కనుక్కోవాలి.