యాభైకి కాస్త అటూ ఇటూ

బెళుగుప్ప సబ్‌స్టేషన్‌లో రాత్రి డ్యూటీ.
గోడ మీద ఎర్ర అంకెలు
యాభై దగ్గర అదురుతుంటాయి,
సంగటి కుండ మీది మూతలా.

కొండమీది గాలిమరలు
మాట మధ్యలో మర్చిపోయినట్టు ఆగితే
అంకె జారుతుంది.
అప్పుడు మెషిన్ ముందు మోటార్లను అడుగుతుంది.
అడగడమేంటిలే, ఆపేస్తుంది.
తొమ్మిది నిమిషాలు.
ఆ జాబితాలో నువ్వూ ఉన్నావు కుళ్ళాయప్పా,
పేరుగా కాదు,
సర్వీసు నంబరుగా, ఏడున్నర హార్స్‌పవర్‌గా.

ఫోన్ చేసి తిట్టావు.
"మీటరు పెట్టేనాడు ఇది ఉరితాడు కాదంటివి కదమ్మా,
చీనీ చెట్ల పాదుల్లో నీళ్లు సగానికే నిలిచిపాయె!"
అన్నది నేనే, నిజమే.
ఊళ్లన్నీ చీకటి కాకుండా
నీ పాది కాసేపు ఆగిందని చెబితే
"ఎవురి ఊళ్లు?" అన్నావు.
నా రిజిస్టర్లో ఆ గడి లేదు.

గాలి తిరిగొచ్చింది.
మోటార్లు ఒక్కొక్కటే లేచాయి, నీది కూడా.

అప్పుడు చూశాను నీ గీత.
పోయిన నెల నిలకడగా పదకొండు ఆంపియర్లు.
ఇప్పుడు పదకొండుకెక్కి, ఆరుకు పడి,
మళ్లీ ఎక్కి, మళ్లీ పడి,
దగ్గుతూ నీళ్లు తాగే మనిషిలా.
అది కరెంటు తప్పు కాదు.
ఆరువందల అడుగుల కింద
నీ బోరు గాలి మింగుతోంది.

నీకంటే ముందు నాకు తెలిసింది.

దేశమంతా ఒకే నాడి కొట్టుకోవాలని
నన్నిక్కడ కూర్చోబెట్టారు.
ఈ కబురు ఎవరు చెప్పాలో
ఏ సర్క్యులర్‌లోనూ రాయలేదు.

నాలుగయింది.
అంకె యాభై మీద బుద్ధిగా నిలబడింది.
నీ నంబరు నొక్కాను.
"మళ్లా ఆపతావా ఏంది?"
"లేదన్నా," అన్నాను,
"ఈసారి నువ్వే ఆపు."