శబ్దం తీసేసి

హౌరా మెయిల్లో వచ్చాయి నాలుగు రేకు డబ్బాలు.
మూడోదాని మీద ఎవరో సుద్దతో
బెంగాలీలో 'జాగ్రత్త' అని రాశారు. అతుకులు ఎక్కువట.
బరంపురం స్టేషన్లో రిక్షా ఎక్కించి
నేతగాళ్ల సంఘం హాలుకి చేర్చేసరికి
నా చొక్కాకి తుప్పు, ఏదో పులిసిన వాసన.

అరవై తొమ్మిదో, డెబ్భయ్యో.
కూర్మారావు మేష్టారి ఫిల్ము క్లబ్బుకి ముప్ఫైమంది సభ్యులు,
చందా కట్టినవాళ్లు పదకొండుమంది.
తెర మా అన్న మగ్గం మీద నేసిందే,
రెండు పన్నాలు కలిపి కుట్టిన తెల్లగుడ్డ.
కుట్టు సరిగ్గా ఆ నటి మూతి మీదుగా పోయింది.

స్పెయిన్ బొమ్మ. యాభైల నాటిది.
కింద అక్షరాలు లేవు.
అందుకే మోహనా కొండల మిషన్ నుంచి
ఫాదర్ ఎలాదియోని పిలిపించారు.
సంతల్లో నేర్చిన తెలుగు ఆయనది,
అంకెలు మాత్రం ఒడియాలో.

కథ ఏటంటే, చెప్పడానికి ఏటీ లేదు.
ఎండకి పగిలిన ఊరు, గోధుమ కళ్లం.
నల్లబట్టల మనిషి రొట్టెని గుండెకి ఆనించి
కత్తి తనవైపుకే లాగి కోస్తుంది.
ముందువరస ఆడవాళ్లు "అమ్మో" అన్నారు.
బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ.
దాని ముందు కూడా పళ్లెం పెడుతుంది రోజూ.
"ఆమె కూర్చోమంటున్నది. అతను వద్దంటున్నాడు.
ఇది తిట్టు, నేను చెప్పను," అన్నాడు ఫాదర్.
జనం నవ్వారు.

మూడో రీల్లో కొడుకు అడిగాడు.
ఏం అడిగాడో మాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.
ఆమె కత్తి దించి, చిన్న మాట ఒకటి అంది.
ఫాదర్ పలకలేదు.
మేష్టారు దగ్గారు.
"దూరం వెళ్లిపోయాడు అంటున్నది,"
చిల్లర తప్పొచ్చి మళ్లీ లెక్కపెట్టుకునేవాడి గొంతుతో.

అందరూ పోయాక రీళ్లు చుట్టుకుంటున్నాను.
"దండాసీ, మూడోది ఇంకోసారి వెయ్యి. శబ్దం తీసేసి."
బల్బు పోతే మేష్టారు చంపుతారన్నాను.
"నేను కొంటాను."

తెరకి అంత దగ్గరగా నిలబడితే
ఆయన నీడ కళ్లాన్ని సగం కప్పేసింది.
"మా దేశంలో గొంతు తర్వాత అతికిస్తారు, బాబూ.
అతికించే గదిలో ఆఫీసరు ఒకడు కూర్చుంటాడు.
నేను విన్న మాటకి పెదవులు కలవక్కర్లేదు.
చూడు. ఆమెవి కలిశాయి."

మళ్లీ వేశాను. మళ్లీ.
మూడోసారి మోటారు ఆపి చేత్తో తిప్పాను.
ఒక బొమ్మ అంచు కమిలింది,
ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.
పై పెదవి, కింది పెదవి,
మధ్యలో మా అన్న కుట్టు.

"తాపియా," అన్నాడు ఫాదర్.
"గోడ. శ్మశానం గోడ."
కాసేపు ఆగి,
"మా ఊరిది ఏటా సున్నం కొట్టేవారు."
అంతే. చేతిసంచీ తీసుకుని
తెల్లవారుజాము బస్సుకి బెంచీ మీద పడుకున్నాడు.

దర్శకుడే అనిపించాడో,
ఎలాగూ తీసేస్తారని తెలిసి ఆమే అనేసిందో.
మొదట్లో పేర్లు గబగబా పోయాయి,
ఒక్కటీ పట్టుకోలేకపోయాను.
ఇస్కూల్లో ఒడియాలో ఎక్కాలు అప్పజెప్తూ
లోపల తెలుగులో లెక్క చూసుకునేవాణ్ణి నేను.
పంతులు ఎప్పుడూ నా మూతి చూడలేదు.

డబ్బాలకి తాళం వేసి
బడా బజారు పాపడాల కొట్ల వెనకనుంచి ఇంటికి నడిచాను.
గోడ, అన్నాను పైకి.
పెదవులు కలవలేదు.
తాపియా, అన్నాను.
అరుగు మీద పడుకున్న ముసలాయన లేచి
ఎవర్రా అది, ఏటి కావాలి, అన్నాడు.