కేకు వేలం

నోవాస్కోషియా తీరం, ఫిబ్రవరి.
నలభయ్యొక్క మంది పిల్లల బడిలో
బాయిలర్ మళ్ళీ దగ్గి దగ్గి ఆగిపోయింది.

కోట్లు విప్పకుండానే వేలం మొదలు.
తొమ్మిదేళ్ల జెలీ చేసిన నిమ్మకాయ కేకుని
లాబ్‌స్టర్లు పట్టే ఆన్సెల్మ్ ముప్పై డాలర్లకు పాడుకుని
"మళ్ళీ అమ్మండి" అన్నాడు.
నర్సు కొంది, తిరిగిచ్చింది.
పోస్టాఫీసాయన, అప్పుల్లో ఉన్నవాడే,
నలభైకి కొని
కాసేపు ఒళ్ళో పెట్టుకుని చూసి
తనూ తిరిగిచ్చాడు.

మొత్తం రెండొందల పది.
ఒక గొట్టం రావచ్చు.

అందరూ వెళ్ళాక
కుర్చీలు మడిచే నలుగురం కోశాం.
చక్కెర బదులు ఉప్పు!

ఎవరం ఉమ్మలేదు.
కోమో టీచరు గ్లాసుడు నీళ్ళు తాగి
ఇంకో ముక్క అడిగింది.
"ముప్పయ్యేళ్ళుగా
ఈ బడి ఉప్పే కదా తింటున్నాను" అంది.
జెలీకి మాత్రం చెప్పొద్దంది.