నల్ల విభూది

పొద్దున్న ఆరింటికి బడి తాళం తీస్తాను.
ముందు గంట జోలికి పోను, గుడ్డ తడుపుతాను.
ఇరవై మూడు కిటికీలు.
రాత్రి హార్బరు వైపు నుంచి గాలి తిరిగిందో లేదో
వాతావరణం వాళ్ల కన్నా ముందు
నా చూపుడువేలికి తెలుస్తుంది.

మూడో తరగతి కిటికీ అంచున
నిన్న ఎవడో వేలితో పేరు రాసుకున్నాడు: ఇన్నాసి.
తెల్లారేసరికి కొత్త బొగ్గుధూళి
ఆ పేరుని సగం పూడ్చేసింది.

మా ఆయన బొగ్గు బెర్తులో కలాసీ.
ఆ నలుపే మా గిన్నెలో తెల్లగా ఉడుకుతుంది.
అందుకే ఎవరితోనూ ఏమీ అనను.
తుడుస్తాను.

విభూది బుధవారం ఫాదరుగారొచ్చి
పిల్లల నుదుట బూడిద పెట్టారు.
పోయినేడు మ్రానికొమ్మల పండగకి ఊపిన ఆకులే
ఎండబెట్టి కాల్చిన బూడిదట.
"మనిషీ, నీవు మట్టివి" అంటుంటే
వెనక బెంచీ దగ్గర చీపురుతో నిలబడ్డాను.
నాది ఆ గుడి కాదు.
అయినా ఆ మాట చీపురుకి పాత చుట్టం.

ఈ నలభై రోజులూ చాక్లెట్లు మానేస్తామన్నారు పిల్లలు.
సిస్టర్ బెనీటా నవ్వలేదు.
"మానడం సరే, మోసేదేమిటి?" అంది.

శనివారం ఎనిమిదో తరగతి బకెట్లతో బయల్దేరింది.
గోడవతల వీధిలో కానుగ చెట్లు,
పెద్ద తుఫాను తర్వాత నాటినవి,
తమది పచ్చరంగని మర్చిపోయినవి.
ఒక్కో ఆకునీ కడిగారు,
చంటిపిల్లకి చెవి వెనక రుద్దినట్టు.
నల్లనీళ్లు మోచేతుల దాకా కారాయి.
నాకూ ముచ్చటేసింది, అబద్ధమెందుకు.

అప్పుడు మేడ మీంచి వాసుపల్లి అప్పాయమ్మ అరిచింది:
"ఏటర్రా, మానులకి తలంట్లా!
కొళాయి రెండ్రోజులకోపాలి వస్తాది.
నా బిందె మెట్లెక్కి నాల్రోజులయింది.
మీ దేవుడు ముందు చెట్టుకి పోస్తాడేటి నీళ్లు?"

బకెట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.
సిస్టర్ గొడుగు మడిచింది, జవాబు చెప్పలేదు.
లెక్కల్లో ఎప్పుడూ చివర ఉండే జెసింత
మెట్ల కింద ఖాళీ బిందె తీసి
నడుముకి ఆనించుకుంది.
ఆ ఒంపు చూస్తే చాలు,
ఇంట్లో రోజూ మోసే పిల్లని తెలిసిపోతుంది.
బడి బావి నుంచి అప్పాయమ్మ గది దాకా
ముప్పై ఏడు మెట్లు.
డాక్టరుగారబ్బాయి పదిహేనో మెట్టు మీద
ఒళ్లంతా తడుపుకుని కూర్చుండిపోయాడు.
జెసింత వెనక్కి చూడలేదు.

చెట్లకిప్పుడు క్యారేజీలు కడిగిన నీళ్లు.
మెతుకులు వడగట్టి డ్రమ్ములో పడతారు.
డ్రమ్ము పొంగితే ఒలికేది నా వరండాలోనే,
నేను గొణుక్కున్నాను, అదీ చెప్పాలి.
అప్పాయమ్మ ఇంకా మెచ్చుకోలేదు.
బావి నీళ్లు ఉప్పు తగులుతున్నాయంటుంది.
బిందె మాత్రం శనివారం పొద్దున్నే
మెట్ల కింద పెట్టేస్తుంది.

ఇంకోటి జరిగింది.
ఎవరో ఖాళీ హార్లిక్సు సీసా తెచ్చి
"ఆయమ్మా, తుడిచిందంతా ఇందులో వెయ్యి" అన్నారు.
ఆ రోజు నుంచి తడిగుడ్డ మానేసి
పాత కుంచెతో మెల్లగా ఊడ్చాను.
తపస్కాలం ముగిసేసరికి మూత దాకా వచ్చింది.
దాంతోపాటు పోర్టు ఆఫీసుకి ఉత్తరం,
కింద పిల్లల సంతకాలు, ఇన్నాసిది వంకరగా.
"నువ్వూ చెయ్యి" అంది సిస్టర్.
చెయ్యి రాలేదు.
ఉత్తరం ఇంటికి పట్టుకుపోయాను.

మా ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.
మూడుసార్లు సబ్బు రాసినా
గోళ్లలో మిగిలేది మిగులుతుంది.
ఉత్తరం చదివించుకున్నాడు.
దగ్గాడు, తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు,
ఏ వైపు మడిచాడో నేను చూడకుండా.
"కుప్పల మీద పట్టా సరిగ్గా కప్పమని
మేమూ అడుగుతున్నాం గదే.
రాయి" అన్నాడు.

పోర్టు నుంచి జవాబు రాలేదు.
గాలి నిన్న రాత్రీ ఇటే తిరిగింది.
ఇవాళ ఇరవై రెండు కిటికీలే తుడిచాను.